ఊరు వదిలే ముందు ఒక్క ఇంతెజామ్

ఇంట్లో కంప్యూటర్ గురించి ఇల్మ్ ఉన్న ఒకే ఒక్క నౌజవాన్‌తో నాలుగు మాటలు చెప్పాలి.

మన ముక్తేశ్వరం, అమలాపురం వైపు పాత కంప్యూటర్‌లో పైసా ఖర్చు లేకుండా ఉబుంటునో మింట్‌నో ఎక్కించిన కుర్రాడు, ఆనక కువైట్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోతాడు. కంప్యూటర్ అమ్మీకీ చెల్లికీ మిగులుతుంది. అందులో ఆధార్ కాపీలు, పాస్‌పోర్ట్ స్కాన్లు, వీసా కాగజాత్, నికాహ్ ఫొటోలు. అదంతా అమానత్. తెర మీద అప్‌డేట్ కబురు కనిపిస్తే అమ్మీ కంగారుపడి మూసేస్తుంది. అందులో ఆమె కసూర్ ఏముంది? ఇంతెజామ్ చేయాల్సిన జిమ్మేదారీ వెళ్లేవాడిది.

'లైనక్స్‌కి ఏమీ కాదులే' అనుకోవడం గఫ్లత్. 2017 మే 12న వానాక్రై దునియాని పరేషాన్ చేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. అది విండోస్ బీమారీయే. కానీ దవా మార్చి 14నే వచ్చింది. రెండు నెలలైనా వేసుకోనివాళ్లు ఎందరో! లైనక్స్‌లోనూ లోపాలు బయటపడుతుంటాయి, దవా కూడా జల్దీగానే వస్తుంది. రోజూ గుర్తుపెట్టుకుని వేసేదెవరు?

అందుకే ఆ పని మెషీన్‌కే అప్పగించాలి. ఉబుంటులో 'అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్' అనే సాధనం ఉంది. 'సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్'లోకి వెళ్లి, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే దిగి ఇన్‌స్టాల్ అయ్యేలా పెట్టండి. మింట్‌లో అయితే అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో 'ఆటోమేషన్' చూడండి. కరెంటు పోయి వేళ తప్పినా ఫికర్ లేదు. మళ్లీ ఆన్ చేశాక బాకీ పని అదే అందుకుంటుంది.

'ఆటోమేటిక్ అప్‌డేటే కొంప ముంచితే?' అనే సవాల్ వాజిబే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. అందుకే నేను అన్నిటినీ వదిలేయమనడం లేదు. ఐదేళ్లు సపోర్ట్ ఉండే ఎల్‌టీఎస్ వెర్షనే వేయండి. సెక్యూరిటీ అప్‌డేట్లను మాత్రమే ఆటోమేటిక్‌గా ఉంచండి. కొత్త వెర్షన్‌కి మారడం మాత్రం సెలవుల్లో వచ్చినప్పుడు మీ చేత్తోనే చేయండి. బయటి నుంచి తెచ్చి వేసిన సాఫ్ట్‌వేర్ మామూలుగా ఈ ఇంతెజామ్‌లోకి రాదు, దాన్ని విడిగా చూసుకోవాలి. కాగజాత్ నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టండి. సిస్టం చెడిపోతే మళ్లీ ఎక్కించుకోవచ్చు. పోయిన ఫొటోలను ఎవరు తెచ్చిస్తారు?

ఇంకొక్క మాట. కొన్ని అప్‌డేట్లు రీస్టార్ట్ చేస్తేనే అమలవుతాయి. కాబట్టి చెల్లికి ఒక్క ఆదత్ నేర్పండి: జుమ్మా రోజు కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్లీ వేయమనండి. ఆమెకి మిగిలే పని అంతే.

సూట్‌కేస్ సర్దేటప్పుడు ఒక అరగంట దీనికీ తీయండి. పరదేశం నుంచి నెలనెలా పంపే పైసలెంత జరూరో, ఇంట్లో వదిలివెళ్లే అమానత్‌కి హిఫాజత్ కూడా అంతే జరూర్.