బండికి జలుబు చేసింది

కొత్త బండి కొన్నవాళ్లు మా అరసవల్లి తీసుకువచ్చి, సూర్యనారాయణమూర్తి గుడి ముందు నిలబెట్టి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి వెళ్లడం రివాజు. ఆదివారం పూట అటువంటి బండ్లు బారులు తీరి వుంటాయి. వాటిని చూసి చూసి మా ఆవిడకు ఒక కోరిక పుట్టింది.

"వచ్చిన వాళ్లందరి బండ్లకూ మనం ప్రసాదం తింటున్నాం. మన బండికి వాళ్లు తినేదెప్పుడండీ?" అన్నది.

ముప్ఫైయొక్క సంవత్సరాలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. గ్రాట్యుటీ డబ్బు బ్యాంకులో వున్నది. యీ రోజుల్లో చిన్న కారు కొంటానంటే షోరూములో కుర్చీ కూడా చూపించేటట్టు లేరు. అందరికీ యెత్తుగా, గంభీరంగా, జీపుకు తమ్ముడిలా వుండే యస్.యూ.వీ. కావాలి. మేమూ అదే కొన్నాం. పదిహేడు లక్షల యెనభైవేలు. కంపెనీ పేరు చెప్పను. చెబితే తగాదా మళ్లీ మొదటికి వస్తుంది.

అమ్మిన కుర్రవాడు చాలా మర్యాదస్థుడు. రంగు యేది కావాలన్నాడు. సీట్లకు తోలు కావాలా, గుడ్డ కావాలా అన్నాడు. పైకప్పు తెరుచుకోవాలా అన్నాడు. "డీజిలు తీసుకోండి సార్, మైలేజీ బాగా వస్తుంది" అన్నాడు. "మీరు రోజుకు యెంత దూరం నడుపుతారు?" అని మాత్రం అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగివుంటే నేనీ వారం మీకు వేరే కబురు చెబుతూ వుండేవాణ్ణి.

మా వాడకం యేపాటిది గనుక! పొద్దున్నే మా పెద్దవాడి కొడుకును బడిలో దింపడం, యేడురోడ్ల జంక్షన్ దాకా వెళ్లి కూరలు తేవడం, సాయంత్రం మళ్లీ మనవణ్ణి యింటికి చేర్చడం. అరసవల్లికీ శ్రీకాకుళానికీ మధ్య దూరమంటూ చెప్పుకోదగ్గది లేదు. పూర్వం నడిచేవాళ్లం. ఇంజను వేడెక్కేలోగా యిల్లు వచ్చేస్తుంది.

ఆరో నెలలో బండిలో ఒక పసుపు దీపం వెలిగింది. సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లాను. కంప్యూటరు తగిలించి యేదో చేసి, "యేం లేదు సార్, సాఫ్టువేరు" అని పంపేశారు. తొమ్మిదో నెలలో మళ్లీ వెలిగింది. మళ్లీ సాఫ్టువేరే. యీలోగా నాకొక వింత కనిపించింది. పుల్ల ముంచి చూస్తే ఇంజను ఆయిలు తరగవలసింది పోయి పెరుగుతోంది! అక్షయపాత్ర సూర్యుడు యిచ్చిందే గదా, మా స్వామి మహిమ కాబోలు అనుకున్నాను. లెక్కల మాస్టారుననే మాట ఆ క్షణంలో మరిచిపోయాను.

పధ్నాలుగో నెలలో మా అమ్మాయి పురిటికి వచ్చింది. రక్తపుపోటు పెరుగుతోందనీ, ఆలస్యం చేయకుండా విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకు చూపించమనీ యిక్కడి డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రం నాలుగింటికి బయలుదేరాం. రణస్థలం దాటామో లేదో, పసుపు దీపం పక్కన యెర్ర దీపం కూడా వెలిగింది. బండి గంటకు నలభై కిలోమీటర్లు మించి కదలనన్నది. వెనుకనుంచి లారీలు హారన్లు కొడుతున్నాయి. విశాఖ యింకా అరవై కిలోమీటర్ల పైచిలుకు వుంది.

"ఫరవాలేదు నాన్నా, నెమ్మదిగానే పోనీ" అన్నది మా అమ్మాయి. ఆ అనడంలో పళ్లబిగువున దాచుకున్న భయం నాకు వినిపించింది. మా ఆవిడ యేమీ అనలేదు. అదింకా భయం.

రోడ్డుపక్కన లారీలు బాగుచేసే షెడ్డు ముందు ఆపాను. ఆ మేస్త్రి బండి వెనుక గొట్టం దగ్గర వంగి చూసి, "బండికి జలుబు సేసిందండి బాబూ. ముక్కు మూసుకుపోనాది. నానేటీ సెయ్యలేను, దీన్ని కంపూటర్లోళ్లే సూడాల" అన్నాడు. అని వూరుకోలేదు. అటుగా పోతున్న టాక్సీని ఆపి, తల్లినీ కూతుర్నీ అందులో యెక్కించాడు. కంగారు పడకండి, తల్లీ పిల్లా యిప్పుడు క్షేమంగా వున్నారు. కాని ఆ రాత్రి షెడ్డు ముందు నులకమంచం మీద కూర్చుని నేను గడిపిన మూడుగంటలు యే వారంటీలోనూ రావు.

ఆ మేస్త్రి మాటే అసలు సంగతి అని తర్వాత తెలిసింది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త బండ్లన్నిటికీ భారత్ స్టేజి-6 నిబంధనలు వచ్చాయి. అందుకని డీజిలు బండి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి పెడుతున్నారు. తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ అది. మసి నిండినప్పుడు సుమారు ఆరువందల డిగ్రీల వేడితో ఆ మసిని బండి తనంతట తానే కాల్చుకుంటుంది. అంత వేడి పుట్టాలంటే పెద్ద రోడ్డుమీద పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా పోవాలి. నాలాగా రెండు కిలోమీటర్లు పోయి ఆపేస్తే మసి అలాగే వుండిపోతుంది. కాల్చడానికని యెక్కువగా పోసిన డీజిలు మండకుండా జారి, ఇంజను ఆయిల్లో కలుస్తుంది. అదీ నా అక్షయపాత్ర కథ.

బండిని క్రేను మీద సర్వీసు సెంటరుకు చేర్చారు. జల్లెడ శుభ్రం చేయడానికి ముప్ఫై యెనిమిదివేలు, లొంగకపోతే కొత్తది వేయడానికి లక్షా అరవైవేలు అన్నారు. మూడేళ్ల వారంటీ వుంది గదా అన్నాను. ఆ అబ్బాయి నామీద జాలిపడ్డట్టు నవ్వి, "యిది బండి లోపం కాదు సార్, వాడకం లోపం" అన్నాడు. వారంటీ పుస్తకంలో చీమతలకాయంత అక్షరాలతో వున్న వాక్యం చూపించాడు. ఇల్లు గుడికి దగ్గరగా వుండటం కూడా వాడకం లోపమేనని నాకు ఆరోజు తెలిసింది.

నా పాత శిష్యుడొకడు శ్రీకాకుళంలో వకీలు. వాడికి లెక్కలు రావు గాని లా బాగా వచ్చు. వాడి దగ్గరకు వెళ్లి "బండి మార్చి యిమ్మని దావా వేద్దాం రా" అన్నాను.

"అంత వూపు వద్దు మాస్టారూ" అన్నాడు. 2006లో మారుతీ వారి కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట: పాడయిన భాగాన్ని బాగుచేస్తాననో మారుస్తాననో వారంటీ వున్నప్పుడు, దాన్ని పట్టుకుని బండికి బండే యిమ్మనడం కుదరదని. నా మొహం వాడిపోవడం చూసి యింకో కేసు చెప్పాడు. ఢిల్లీలో ఒకాయన 2015లో హ్యుందాయ్ క్రెటా కొన్నాడు. 2017లో ప్రమాదం జరిగితే ముందున్న గాలిసంచులు విచ్చుకోలేదు. అవి విచ్చుకోవాలంటే తగినంత బలంగా గుద్దుకోవాలన్నారు కంపెనీవారు. కొనుక్కున్నవాడు వేగాన్నీ బలాన్నీ లెక్కకట్టే భౌతికశాస్త్ర పండితుడు కానక్కర్లేదన్నది 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు. ఆయనకు నష్టపరిహారమే గాక కొత్త బండి కూడా యివ్వాలన్న కింది తీర్పును ఖాయం చేసింది.

"మరి నేను మాత్రం మసిశాస్త్ర పండితుణ్ణా?" అన్నాను.

"అదే అడుగుదాం. కొనేటప్పుడు మీకు చెప్పారా, లేదా? మొదటిసారి దీపం వెలిగినప్పుడు వాళ్లు యేం చేశారు? జాబ్‌కార్డులు తెండి."

తెచ్చాను. చూసి తల పట్టుకున్నాడు. రెండు కార్డులమీదా నా ఫిర్యాదు గడిలో "జనరల్ చెకప్" అని వుంది. కింద నా సంతకం వుంది! పిల్లలు ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే బెత్తం తీసినవాణ్ణి. ఆ కార్డుల ప్రకారం దీపం మొదట వెలిగింది రణస్థలంలోనే. పధ్నాలుగు నెలలూ నేను బండిని పట్టించుకోని మనిషినన్నమాట.

దారి చూపించింది మా ఆవిడ. ఆవిడకు పద్దుపుస్తకం రాసే అలవాటు. పాలు, చాకలి, కూరలు, అన్నిటికీ తేదీ వేస్తుంది. తీసి చూస్తే, ఆరో నెలలో ఒకచోట "పాలు అరలీటరు తక్కువ. బండిలో పసుపుదీపం, ఆయన షాపుకు తీసుకువెళ్లారు" అని వుంది. తొమ్మిదో నెలలో "మళ్లీ దీపం. వంకాయలు పుచ్చులు." ఆ దీపానికి మా మనవడు సరదాకు తీసిన ఫోటో తేదీతో సహా ఫోనులో దొరికింది.

పూర్వమైతే అమ్మినవాళ్లు వుండే వూరు పోయి ఫిర్యాదు చేసుకోవలసి వచ్చేది. 2019 నాటి వినియోగదారుల చట్టం, 2020 జూలైలో అమలుకు వచ్చింది, కొన్నవాడు కాపురం వుండే జిల్లాలోనే వేసుకోనిచ్చింది. కారణం పుట్టిన రెండేళ్లలోపల వేయాలి. పది లక్షలనుంచి ఇరవై లక్షలదాకా ఖరీదిచ్చిన వస్తువుకు రుసుము నాలుగువందల రూపాయలు. వకీలు లేకపోయినా మనమే వాదించుకోవచ్చు. మావాడు గురుదక్షిణ అంటే నేను కాదనలేదు. సర్వీసు సెంటరుకూ, కంపెనీకీ ముందు నోటీసులు పంపాం. జవాబు లేదు. శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలుచేశాం, పద్దుపుస్తకం నకళ్లతో సహా.

నెల తిరక్కుండా కంపెనీ మనిషి అరసవల్లి వచ్చాడు. స్వామి దర్శనం చేసుకుని మా యింటికి వచ్చి, కాఫీ తాగి, కొత్త జల్లెడ వూరికే వేస్తామనీ, క్రేను ఖర్చూ టాక్సీ ఖర్చూ యిస్తామనీ కాగితం చేతికిచ్చాడు. అందులో "మా గుడ్‌విల్‌కు నిదర్శనంగా" అని వుంది.

మా ఆవిడ చదివి, "తీర్చవలసిన బాకీ తీరుస్తూ దానం చేశామంటారేం?" అన్నది.

రిటైరయినా నా యెర్రసిరా కలం యింకా వుంది. ఆ మాట కొట్టేసి, పైన "వారంటీ కింద" అని దిద్ది, తిరిగి యిచ్చేశాను. ఆ అబ్బాయి తెల్లబోయాడు. అలా రాస్తే యిటువంటి బండ్లు కొన్నవాళ్లందరూ వస్తారన్నాడు. రానివ్వమన్నాను. తొమ్మిదిరోజులకు కొత్త కాగితం వచ్చింది. దిద్దినట్టే వుంది. ఫిర్యాదు వెనక్కు తీసుకున్నాం. అమ్మాయికి ఆ సాయంత్రం పట్టిన భయానికి ఖరీదు కట్టమని నేను అడగలేదు. అడగవలసిందని మావాడు యిప్పటికీ అంటాడు.

కొత్త జల్లెడకూ పాత రోగం రాకుండా ఆదివారం ఆదివారం బండిని నరసన్నపేట దాకా ఆగకుండా తోలి తీసుకువస్తున్నాను. అక్కడ మాకు పనేమీ లేదు. పోయిన ఆదివారం తిరిగివచ్చాక మా ఆవిడ పద్దుపుస్తకం తెరిచి రాసింది: "డీజిలు ఆరువందలు. మసి కాల్చుటకు."