అవి మనల్ని గమనిస్తున్నాయి



బాలి ద్వీపంలోని ఉలువాటు గుడి దగ్గర కోతులు యాత్రికుల కళ్లజోళ్లు, టోపీలు, ఫోన్లు లాక్కుపోతాయి. వాటిని పట్టుకుని కూర్చుని, తినడానికి ఏదైనా ఇస్తేనే వదులుతాయి. వయసు వచ్చిన కోతులు మనిషి ఎక్కువ విలువిచ్చే వస్తువునే ఎంచుకుంటాయనీ, దానికి తగ్గ తిండి దొరికేదాకా బేరం సాగిస్తాయనీ 2021లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఈ విద్య పుట్టుకతో వచ్చేది కాదు, గుంపులో ఉంటూ నేర్చుకునేది.

విదేశీ ప్రయాణాల్లో ఎదురయ్యే ఇలాంటి వింత ప్రవర్తనే ఈ సంచికకు ప్రాణం. జపాన్‌లోని నారాలో బిస్కెట్ల కోసం తల వంచే జింకలైనా, న్యూజిలాండ్ కొండల్లో కార్ల రబ్బరు పీకే కియా చిలుకలైనా మన అలవాట్లను ఆకళింపు చేసుకున్నవే.

ఈ చదువు రెండువైపులా సాగిన చోటు మొజాంబిక్‌లోని నియాస్సా. అక్కడ యావో తేనె వేటగాళ్లు తరతరాలుగా వస్తున్న కూతతో పిలిస్తే, తేనెపట్టుకు దారి చూపే పిట్ట తోడు దొరికే అవకాశం 33 నుంచి 66 శాతానికి పెరిగిందని 2016 నాటి పరిశోధన చెప్పింది. తేనె మనిషికి, మైనం పిట్టకు.

అన్నిచోట్లా కథ ఇంత చల్లగా లేదు. జనావాసాలకు చేరువైన కియాలు పాత కట్టడాల్లోని సీసపు మేకులు కొరికి విషం పాలవుతున్నాయి. విదేశాలు చూసి వచ్చే తెలుగువారు ఏటా పెరుగుతున్నారు. అందుకే ఈ సంగతులు ఇప్పుడే మాట్లాడుకోవాలనుకున్నాం. ప్రయాణం కట్టే ముందు ఈ పేజీలు చదవండి. మీరు చూసినవి మాకు రాయండి.

— సంపాదకవర్గం