మెడల్ మనది.. చక్రాల కింద ఇంజినీరింగ్ ఎవరిది?

2025 సెప్టెంబరులో చైనాలో జరిగిన స్పీడ్ స్కేటింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో చెన్నై కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 1000 మీటర్ల స్ప్రింట్‌లో స్వర్ణం కొట్టాడు. సీనియర్ విభాగంలో మన దేశానికి అదే తొలి స్వర్ణం. ఆ వెంటనే మారథాన్ కూడా గెలిచాడు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 3000 మీటర్ల రిలేలో మన అబ్బాయిలు, అమ్మాయిలు చెరో కాంస్యం తెచ్చారు.

ఆట పెరుగుతోంది, సరే. మరి సామాను? పోటీ స్థాయి స్కేట్లలో వినిపించే పేర్లు ఎక్కువగా విదేశీవే. అలాగని ‘స్కేట్ డిజైనర్ కావలెను’ అనే ప్రకటన మీకెక్కడా కనపడదు. కానీ మెకానికల్ విద్యార్థికి ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇంతకంటే మంచి వస్తువు దొరకడం కష్టమని నా అభిప్రాయం. రోలర్‌బ్లేడ్ కంపెనీ పుట్టిందీ ఇలాగే. 1980 ప్రాంతంలో అమెరికాలో స్కాట్ ఓల్సన్ అనే ఐస్ హాకీ ఆటగాడు, మంచు లేని రోజుల్లో ప్రాక్టీసు కోసం పాత ఇన్‌లైన్ స్కేటును సోదరుడితో కలిసి మార్చుకున్నాడు.

మలికిపురం నుంచి దిండి వైపు రోడ్డునే లెక్కలోకి తీసుకోండి. ఇసుక, గతుకులు, వానాకాలం తడి, ఏడాది పొడవునా ఉప్పు గాలి. మామూలు స్కేటుకు 80 మి.మీ. చక్రాలు నాలుగుంటాయి. ఇరుసుకూ ఇరుసుకూ మధ్య 81 మి.మీ. అనుకుంటే మొదటి ఇరుసు నుంచి చివరిదాకా 243 మి.మీ. అదే పొడవులో 110 మి.మీ. చక్రాలు మూడు పడతాయి. చక్రం పెద్దదైతే గతుకు ఎక్కడం తేలిక. కానీ పాదం 15 మి.మీ. పైకి లేస్తుంది, చీలమండ మీద భారం పెరుగుతుంది. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే ఒక్కో చక్రానికి 15 కిలోలు పడేది కాస్తా 20 అవుతుంది. ఫ్రేమ్ ఆ బరువు మోయాలి. 6061 అల్యూమినియం అయితే వెల్డింగ్ చేసిన చోట బలం తగ్గుతుంది, కాబట్టి బోల్టులే నయం. ఇంటర్వ్యూలో అడిగేది ఇవే: ఎందుకు 110? ఎందుకు బోల్టు? కొనుక్కొచ్చిన రెడీమేడ్ ప్రాజెక్టుతో వెళ్తే ఇక్కడే దొరికిపోతాం.

ఇక బేరింగు. స్కేట్లలో సాధారణంగా వాడేది 608: లోపల 8, బయట 22, వెడల్పు 7 మి.మీ. ఆమధ్య అందరి వేళ్ల మీదా తిరిగిన ఫిడ్జెట్ స్పిన్నర్‌లో ఉన్నదీ ఎక్కువగా ఇదే. ఇనుప మూత ఉన్నది కాస్త తేలిగ్గా తిరుగుతుంది, కానీ ఇసుక, నీళ్లు లోపలికి పోతాయి. రబ్బరు సీలు ఉంటే కొంచెం బరువుగా తిరిగినా ఇక్కడ ఎక్కువ రోజులు వస్తుంది. దీని గురించి పుస్తకం కన్నా ముందు రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్‌ను అడగండి. ఉప్పు నీళ్లలో బేరింగు ఎలా పోతుందో ఆయన రోజూ చూస్తుంటాడు. అడిగింది రాసుకుని రిపోర్టులో పెట్టండి. కంపెనీలు ఫీల్డ్ స్టడీ అనేది దీన్నే.

ఫ్రేమ్ తయారయ్యాక మనిషి ఎక్కకూడదు. ముందు ఇసుక బస్తాలు పెట్టి, ఎంత వంగిందో డయల్ గేజ్‌తో కొలిచి, సాఫ్ట్‌వేర్ చెప్పిన అంకెతో పోల్చండి. రెండూ కలవకపోతే ఇంకా మంచిది, ఎందుకు కలవలేదో వెతకడమే ప్రాజెక్టులో అసలు పని. తొలి పరుగు హెల్మెట్, మోకాలి ప్యాడ్లతో కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులోనే. 216 హైవే మీద మాత్రం వద్దు.