నమ్మకానికి గండి

విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూత్రపిండం తీయించుకొని మోసపోయానంటూ గుంటూరుకు చెందిన ఒక ఆటో డ్రైవరు 2024 జూలైలో పోలీసులకు ఫిర్యాదు చేశాడు. లోన్ యాప్‌ల అప్పుల్లో కూరుకుపోయిన మనిషి. సామాజిక మాధ్యమంలో కనిపించిన ప్రకటన వెంట వెళ్లి దళారుల చేతికి చిక్కాడు. ముప్ఫై లక్షల రూపాయలు ఇస్తామన్నారని, తన చేతికి వచ్చింది లక్ష పైచిలుకు మాత్రమేనని అతని ఆరోపణ. నిజానిజాలు తేల్చవలసినది దర్యాప్తు, ఆపైన న్యాయస్థానం. అయితే ఆ ఫిర్యాదుపై సమాజం స్పందించిన తీరును గమనించడానికి ఏ తీర్పు కోసమూ ఆగనక్కరలేదు. ఒప్పుకొన్న సొమ్ము ఎగ్గొట్టడమే ఘోరమన్నట్లు చర్చ సాగింది. మనిషి అవయవం సొమ్ముకు చేతులు మారడమే మూల నేరమన్న సంగతి మరుగున పడింది. కృష్ణా డెల్టా నడిబొడ్డున ఉన్న నగరంలో కిడ్నీకి ఒక ధర ఉంటుందన్న ఊహకు జనం అలవాటు పడుతున్నారంటే ప్రమాదం ముంచుకు వచ్చినట్లే.

ఇది ఇక్కడే మొదలైనది కాదు. పేద యువకులను కొలంబోకు తరలించి కిడ్నీలు తీయిస్తున్న ముఠాను 2016 ఆరంభంలో నల్లగొండ పోలీసులు వెలికితీశారు. ఆ వెంటనే శ్రీలంక విదేశీయులకు మూత్రపిండ మార్పిడిని నిలిపివేయవలసి వచ్చింది. 2025 జనవరిలో హైదరాబాదు సరూర్‌నగర్‌లో, మార్పిడికి ఎటువంటి అనుమతీ లేని ఆసుపత్రిలో శస్త్రచికిత్సలు సాగుతున్నట్లు బయటపడింది. అదే ఏడాది నవంబరులో మదనపల్లెకు తీసుకువచ్చి కిడ్నీ తీసిన విశాఖపట్నం మహిళ ప్రాణమే కోల్పోయింది. పదేళ్ల కిందట సముద్రం దాటి సాగిన వ్యాపారం ఇప్పుడు మన పట్టణాల బజారు వీధుల్లోకి వచ్చింది. ఊరు మారుతున్నది, ఆసుపత్రి మారుతున్నది. ఈ గొలుసులో ప్రతిసారీ మారకుండా కనిపించేది మాత్రం ఒక్కరే. అప్పుల పాలైన మనిషి.

ఎదుటి పక్షాన ఉన్నవారి వేదననూ తక్కువ చేయరాదు. మధుమేహం, రక్తపోటు ఇంటింటి రోగాలైన ప్రాంతం ఇది. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలోని తండాలలో ఏళ్ల తరబడి కుటుంబాలకు కుటుంబాలు కిడ్నీ వ్యాధితో కుదేలవుతున్నాయి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ యంత్రానికి కట్టుబడిన రోగికి, ఆ రోగి కోసం కూలి మానుకొని బస్సులెక్కే ఇంటివారికి, ఎక్కడో ఒక కిడ్నీ దొరుకుతుందన్న మాట ఎంత బలమైన ఆశో అర్థం చేసుకోవచ్చు. వ్యాధి పెరుగుతున్నది, అవయవాలు దొరకడం లేదు. ఆ రెండింటి నడుమ ఉన్న ఖాళీలోనే దళారి కాపురం పెట్టాడు.

ఖాళీని పూడ్చే మార్గం లేకపోలేదు. మరణానంతర దానమే ఆ మార్గం. మెదడు మరణించి జీవన్మృతికి గురైన ఒక వ్యక్తి నుంచి గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, రెండు మూత్రపిండాలు, ఇంకా ఇతర అవయవాలు ఎందరికో అందుతాయి. కానీ 2023లో దేశం మొత్తం మీద అటువంటి దాతలు పదకొండు వందల లోపే. పది లక్షల జనాభాకు ఒక్కరు కూడా లేరు. స్పెయిన్‌లో ఆ లెక్క నలభై ఎనిమిదికి పైన. మన సంప్రదాయాలు, కర్మకాండలు, మరుజన్మ భయాలు ఇందుకు కారణమని చెప్పడం పరిపాటి అయింది. ఈ వాదన నిలవదు. అదే 2023లో 252 మంది మరణానంతర దాతలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచినది తెలంగాణ. అక్కడి వారిదీ మన భాషే, మన దినవారాలే, మన దేవుళ్లే. ఆంధ్రప్రదేశ్ ఆ సంఖ్యకు దరిదాపుల్లో లేకపోవడానికి మతాన్ని సాకుగా చూపలేం.

నేత్రదానం విషయంలో ఇదే డెల్టా చూపిన ఔదార్యం మరో నిదర్శనం. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో పుట్టిన ఎల్వీ ప్రసాద్ పేరిట 1987లో హైదరాబాదులో వెలసిన నేత్ర వైద్య సంస్థకు ప్రాణం పోసినది కృష్ణా జిల్లా బిడ్డ గుళ్లపల్లి నాగేశ్వరరావు. చావింట ఏడుపులు ఆగకముందే నేత్రనిధికి ఫోన్ చేసే కుటుంబాలు నేడు మన పల్లెల్లోనూ ఉన్నాయి. ఆరు గంటల్లోపు కార్నియా సేకరించాలన్న సంగతి చదువు లేని పెద్దలకు సైతం తెలుసు. ఒకప్పుడు కళ్లు తీస్తే మరుజన్మలో గుడ్డివారిగా పుడతారని భయపడిన సమాజమే ఇది. ఆ భయం పోవడానికి దశాబ్దాల ప్రచారం ఒక కారణం. కంటికి దళారి లేకపోవడం అంతకంటె పెద్ద కారణం. ఇచ్చినది అమ్ముడుపోదన్న భరోసా ఉన్నందువల్లనే జనం ఇచ్చారు.

కిడ్నీ విషయంలో ఆ భరోసా చెదురుతున్నది. పట్టుబడిన ప్రతి ముఠా వార్తా అత్యవసర విభాగం బయట బెంచీ మీద కూర్చున్న ఏదో ఒక తండ్రి మనసులో అనుమానమై నాటుకుంటున్నది. పదహారో నంబరు, అరవై అయిదో నంబరు జాతీయ రహదారులు కలిసే నగరం విజయవాడ. హెల్మెట్ లేని ద్విచక్ర వాహనం మీద వెళ్లిన కొడుకు తలకు దెబ్బ తగిలి వెంటిలేటరు మీద ఉంటాడు. ఛాతీ లేచి పడుతూనే ఉంటుంది. చేయి వెచ్చగానే ఉంటుంది. మెదడు మరణించిందని, అవయవాలు దానం చేయమని వైద్యులు అంటారు. ఆస్పత్రి బిల్లు ఎంతయిందో ఇంకా తెలియదు. ఆ తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: బతికించే ప్రయత్నం నిజంగా జరిగిందా, లేక అవయవాల కోసం ముందే ఆపేశారా? ఆ ప్రశ్నను అజ్ఞానమని కొట్టివేసే హక్కు ఎవరికీ లేదు.

చట్టం ఇందుకు గట్టి రక్షణలే కల్పించింది. నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరిస్తేనే జీవన్మృతి. అయితే మన దేశంలో ఈ నిర్ధారణకు స్పష్టమైన చట్టబద్ధత ఉన్నది అవయవదానం సందర్భంలోనే. దానానికి ఒప్పుకొంటే ఆ దేహం మరణించినట్లు. ఒప్పుకోకపోతే అదే దేహాన్ని వెంటిలేటరు మీద కొనసాగించాలా, ఆపాలా అన్న సందిగ్ధంలో వైద్యులు, కుటుంబం మిగిలిపోతారు. మరణం దానం మీద ఆధారపడి ఉంటుందా అని సామాన్యుడు అనుమానిస్తే తప్పెవరిది? మరణం మరణమే. దాన్ని ఎవరి ప్రయోజనం కోసమూ కాకుండా, అందరికీ ఒకే తీరుగా నిర్ధారించాలి. ఆ మాట కుటుంబానికి చెప్పిన తరువాత, వారికి కన్నీళ్లు తుడుచుకొనే వ్యవధి ఇచ్చాక, చికిత్స చేసిన వైద్యులు కాక వేరొకరు, శిక్షణ పొందిన సమన్వయకర్త, దానం ప్రస్తావన తేవాలి. అంగీకారం ఇచ్చిన క్షణం నుంచి అయ్యే ఖర్చు దాత కుటుంబంపై పడరాదని నిబంధనలే చెబుతున్నాయి. ఆ సంగతి తెలుగులో, పెద్ద అక్షరాలలో, ఆ బెంచీ ఎదుటి గోడ మీద ఉండాలి.

బతికి ఉన్నవారి దానంలో చిక్కులు ఇంతకంటె లోతైనవి. దగ్గరి బంధువులు కానివారు ఆప్యాయతతో ఇస్తున్నామని చెబితే పరిశీలించి అనుమతించేందుకు కమిటీలు ఉన్నాయి. దాత, స్వీకర్తల మూడేళ్ల ఆదాయ వివరాలు చూడాలని, ఇద్దరి స్థితిగతుల్లో పొంతన లేని తేడా ఉంటే వ్యాపార కోణాన్ని పరిశీలించాలని 2014 నాటి కేంద్ర నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. కాగితం పరిశీలించడం వేరు, మనిషిని పరిశీలించడం వేరు. ఆధార్ కార్డు తయారవుతుంది. నివాస ధ్రువీకరణ సమకూరుతుంది. కమిటీ ముందు ఏమి చెప్పాలో దళారి ముందే పాఠం చెప్పి పంపుతాడు. నీకు అప్పులెన్ని, ఈ రోగి ఇంటికి ఎప్పుడైనా వెళ్లావా, వాళ్ల పిల్లల పేర్లేమిటి, ఆపరేషన్ తరువాత నెల రోజులు నీ ఇల్లు ఎలా గడుస్తుంది అని విడిగా కూర్చోబెట్టి నింపాదిగా అడిగితే ఆ పాఠం ఎంతసేపు నిలుస్తుంది?

నిజమైన బంధువులే అయినప్పుడు మరో రకం బలవంతం ఉంటుంది. దీన్ని గురించి మాట్లాడడానికి మన సమాజం జంకుతుంది. 2018 నుంచి 2023 వరకు దేశంలో బతికి ఉండగా అవయవాలు ఇచ్చినవారిలో నూటికి అరవై ముగ్గురు స్త్రీలు. పొందినవారిలో అధికులు పురుషులు. భార్య, తల్లి, అక్క ఇచ్చినదంతా నిర్బంధమేనని అనడం వారి త్యాగాన్ని అవమానించడమే. కానీ సంపాదించే మగవాడికి కోత పడకూడదన్న లెక్క ఇంట్లో ముందే జరిగిపోయాక, ఆమెను అడిగిన ప్రశ్నకు ఒకే జవాబు మిగులుతుంది. అత్తమామల ఎదుట, పుట్టింటివారి మౌనం నడుమ ఆమె అవునంటుంది. అందుకే ఆమెతో ఏకాంతంగా, ఒక మహిళా వైద్యురాలి సమక్షంలో మాట్లాడడం తప్పనిసరి కావాలి. ఇష్టం లేదని ఆమె చెబితే ఆ మాట బయటికి పొక్కనీయకుండా, వైద్యపరంగా తగదని మాత్రమే కుటుంబానికి తెలియజేసే పద్ధతి కొన్ని చోట్ల అమలులో ఉన్నది. దానిని మన ఆసుపత్రులూ పాటించాలి.

ఇక చట్టం సంగతి. 1994 జూలైలో అవయవ మార్పిడిపై కేంద్ర చట్టం వచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 3న, దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన పి.వేణుగోపాల్ రాజమహేంద్రవరంలో జన్మించిన తెలుగువారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టం చేసుకుంది. ఆ తరువాత కాలం మారింది, నేరమూ మారింది. మొదటి కేంద్ర చట్టంలో అవయవ వ్యాపారానికి జరిమానా గరిష్ఠంగా ఇరవై వేల రూపాయలు. 2011 సవరణ దాన్ని ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల దాకా, జైలు శిక్షను అయిదు నుంచి పదేళ్ల దాకా పెంచింది. సమన్వయకర్తల నియామకాన్ని తప్పనిసరి చేసింది. మార్పిడి జరగని ఆసుపత్రుల్లో కూడా అవయవాలు సేకరించే వీలు కల్పించింది. తెలంగాణ 2025లో ఈ చట్టాన్ని స్వీకరించింది. అదే ఏడాది నవంబరు నాటికి కూడా ఆంధ్రప్రదేశ్ స్వీకరించలేదు. ఈ రాష్ట్రాన్ని ఒప్పించాలని సర్వోన్నత న్యాయస్థానమే కేంద్రానికి సూచించవలసి వచ్చింది. పద్నాలుగేళ్ల జాప్యానికి ఏ సమర్థనా లేదు. పాత చట్టంలోని ప్రతి సందూ ఒక దళారికి దారి.

సవ్యమైన వ్యవస్థ ఉంటే ఈ ప్రాంతం ఏమి చేయగలదో జనం చూశారు. నగరంలో ట్రాఫిక్ ఆపి, గన్నవరం విమానాశ్రయం దాకా గ్రీన్ ఛానల్ ఏర్పాటు చేస్తే రోడ్డు పక్కన నిలబడినవారు చేతులు జోడించారు. తిరుపతిలోని శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో 2023 నుంచి గుండె మార్పిళ్లు జరుగుతున్నాయి. దాతల అంత్యక్రియలకు ప్రభుత్వ గౌరవం ఇవ్వాలన్న నిర్ణయమూ మంచిదే. కానీ శవపేటికపై పూలమాల ఉంచడం సులువు, అవయవం ఎవరికి, ఏ క్రమంలో వెళ్లిందో ప్రజలకు లెక్క చెప్పడం కష్టం. చేయవలసినది ఆ రెండోది. డెల్టా రైతుకు కాలువ గట్టు గురించి ఒకరు చెప్పనక్కరలేదు. ఎలుక బొరియగా ఉన్నప్పుడే పూడ్చకపోతే తెల్లారేసరికి అది గండి అవుతుంది.

కాబట్టి శాసనకర్తలు సవరించిన చట్టాన్ని జాప్యం లేకుండా స్వీకరించాలి. ఆరోగ్య యంత్రాంగం మార్పిడి జరిగే ప్రతి ఆసుపత్రిలోనూ బంధువులు కాని దాతల దస్త్రాలను బయటి నిపుణులతో తనిఖీ చేయించాలి. దొరికిన ఏజెంటుతో ఆగకుండా దర్యాప్తు సంతకాలు పెట్టినవారి దాకా, కత్తి పట్టినవారి దాకా వెళ్లాలి. కిడ్నీ అమ్ముకున్న పేదవాడిని ముద్దాయిగా చూస్తే రేపు ఫిర్యాదు చేసేవాడు ఉండడు. వైద్య సంఘాలు తమవారిని కాపాడుకోవడం మాని, తప్పు చేసినవారి గుర్తింపు రద్దుకు తామే ముందుకు రావాలి. అన్నిటికంటె ముందు మొదలుపెట్టగల పని ఒకటున్నది. దానికి కొత్త చట్టం కూడా అక్కరలేదు. ఒక్క కిడ్నీతో మిగిలిన ప్రతి దాతనూ ఏడాది తిరిగాక, అనుమతి ఇచ్చిన కమిటీయే మళ్లీ పిలిపించాలి. రక్తపోటు చూడాలి, క్రియాటినిన్ పరీక్ష చేయించాలి, అప్పులు ఏమయ్యాయో అడగాలి, అతను చెప్పినది రాసిపెట్టుకోవాలి.