అతి థైరాయిడుకు ఆంటీఆక్సిడెంట్లే మందా?

థైరాయిడ్ గ్రంథి అతిగా హార్మోనును స్రవించినపుడు కణాలలో ప్రాణవాయువు వినియోగం పెరుగుతుంది. దానితోపాటు కణాలను గాయపరచే ఆక్సీకరణ ఒత్తిడీ పెరుగుతుంది. అంతమాత్రాన ఆంటీఆక్సిడెంట్ మాత్రలే వ్యాధిని కుదుర్చుతాయనుకోవడం పొరపాటు. మూలం హార్మోను. మెథిమజోల్ వంటి మందుతో అది అదుపులోనికి వస్తే ఒత్తిడి కూడా చాలావరకు తగ్గుతుంది.

2011లో వెలువడిన ఐరోపా పరిశోధనలో, గ్రేవ్స్ వ్యాధివల్ల కళ్ళు స్వల్పంగా దెబ్బతిన్నవారికి 6 నెలలు సెలీనియం ఇవ్వగా మేలు కనబడింది. అయితే అక్కడివారి ఆహారంలో సెలీనియం కొంత కొరత. మనముంటున్న అమెరికాలో సాధారణంగా ఆహారంలోనే చాలినంత లభిస్తుంది.

పైగా, జుట్టు రాలుతున్నదని వాడే బయోటిన్ మాత్రలు రక్తపరీక్షలో లేని అతి థైరాయిడును ఉన్నట్లు చూపగలవు. కనుక మాత్రల సీసా కొనేముందు వైద్యుని సంప్రదించండి. ఇచ్చిన మందును మాత్రం మానకండి.