అన్న బండికి గట్టి స్ప్రింగులు అవసరమా?

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే మా అన్న బండి గురించే మాటలు. కాఫీ అమ్మిన డబ్బులు వచ్చాయి. ముందు షాకులు మెత్తబడిపోయాయి, గట్టి స్ప్రింగులు వేయించాలి అంటాడు అన్న. స్ప్రింగులకి, పనికి కలిపి 3,500 అవుతుందని పాడేరులో మెకానిక్ చెప్పాడట. మా వదినకి ఏడో నెల. ఆసుపత్రికి ఆ బండి మీదే వెళ్తుంది. అందుకని అమ్మ కూడా "వేయించెయ్యిరా" అంది. నేను వద్దన్నాను. "నీకేటి తెలుసు, బండి తోలడం రాదు" అన్నాడు అన్న. తోలడం రాదు, నిజమే. కానీ వెనక కూర్చుని దెబ్బలు తినేది నేనే కదా!

షాకు అంటే ఏమిటో మనలో చాలామందికి తెలీదు. నేనూ సెలవుల్లోనే తెలుసుకున్నాను. మెరిసే గొట్టం లోపల పొడవాటి స్ప్రింగు, నూనె ఉంటాయి. బరువు మోసేది స్ప్రింగు. నొక్కుకున్న స్ప్రింగు ఒక్కసారే ఎగరకుండా నూనె ఆపుతుంది. సైన్సు సారు స్ప్రింగు త్రాసుకి రాయి తగిలిస్తే అది కాసేపు పైకీ కిందకీ ఊగింది చూడండి, నూనె తగ్గితే బండీ అలాగే ఊగుతుంది. అన్న బండికి ఎడమ గొట్టం మీద నూనె కారిన మరక ఉంది. సీలు పోయింది. తప్పు స్ప్రింగుది కాదేమో అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

నా జడ రబ్బరు బ్యాండు ఒకటి ఆ గొట్టానికి చుట్టి సీలు దాకా కిందికి జరిపాను. షాకు నొక్కుకుంటే కింది గొట్టం బ్యాండుని పైకి తోస్తుంది. మళ్ళీ కిందికి దిగినా బ్యాండు పైనే ఉండిపోతుంది. ఎంత నొక్కుకుందో తెలిసిపోతుంది. అన్న నవ్వాడు గానీ వద్దనలేదు. ఇద్దరం రాళ్ళదారిలో సంతకి వెళ్ళి చూస్తే బ్యాండు సగం దాకానే ఉంది. వచ్చేటప్పుడు వెనక బియ్యం బస్తా కట్టాం. వాలులో అన్న ముందు బ్రేకు గట్టిగా పట్టాడు. అప్పుడు మాత్రం పైదాకా పోయింది.

వెనక కట్టిన బరువు ఎక్కువగా వెనక చక్రం మీదే పడుతుంది. బ్రేకు పడితేనే ముందుకి ఒరుగుతుంది. ఆ ఒక్కచోట కోసం గట్టి స్ప్రింగు వేస్తే మిగతా దారంతా ఏం కావాలి? రాయి తగిలితే స్ప్రింగు సరిగా నొక్కుకోదు, చక్రం ఎగురుతుంది. నేల తాకని చక్రానికి బ్రేకు వేసి ఏం లాభం? ఆ అదురు వదినకి కూడా తగులుతుంది. వాలులో చిన్న గేరులో నెమ్మదిగా దిగడానికి పైసా ఖర్చు లేదు.

రోజూ బరువులతో పాడేరు ఘాట్ దిగేవాళ్ళకి గట్టి స్ప్రింగులు దండగ అని నేను అనను. మా అన్న ఘాట్ దిగేది ఎప్పుడో ఒకసారి.

సీళ్ళు, నూనె మార్చడానికి 700 చాలట. ముందు అది చేయించి, మళ్ళీ బ్యాండు కట్టి చూడాలి. అసలు నెలలు నిండాక వదినని బండి ఎక్కించడమే నాకు ఇష్టం లేదు. మా ఊరి దారికి ఆటో ఎక్కదు, 108 తారు రోడ్డు దాకానే వస్తుంది. జీపు అయితే ఊళ్ళోకే వస్తుంది, కాకపోతే డబ్బులు ఎక్కువ అడుగుతారు. మిగిలిన 2,800 ఆ జీపుకి దాచమని అమ్మకి చెప్పి వచ్చాను. అన్న ఇంకా ఏమీ అనలేదు.

మీ ఇళ్ళల్లో ఎవరైనా స్ప్రింగులు మార్పించి ఉంటే ఈ కాగితం కింద పెన్సిలుతో రాయండి.