హాంకాంగ్ ధర నాంపల్లి పాటకు కొలబద్ద కాదు

ఆబిడ్స్, నాంపల్లి వేలం దుకాణాలలో పాత ఇళ్ల సామాను పాటకు వచ్చినప్పుడు చైనా పింగాణీ కూజా, జపాన్ సాత్సుమా గిన్నె వంటి సరకుకు ఎప్పుడూ కొంత గిరాకీ ఉంటుంది. బీరువాలకు, కుర్చీలకు ఆచితూచి పాడేవారు కూడా ఇటువంటి వస్తువు బల్ల మీదకు రాగానే వేలల్లో దూకుతారు. హాంకాంగ్, లండన్ వేలాల వార్తలే ఇందుకు కారణం. అక్కడి ధర చూసి ఇక్కడ పాట పెంచటం మాత్రం వ్యాపారం అనిపించుకోదు.

ఈ నగరానికి ఈ సరకు కొత్త కాదు. ఆబిడ్స్ అనే పేరే ఆరవ నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం వల్ల వచ్చింది. 1949లో మరణించిన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణతో 1951 డిసెంబర్ 16న మ్యూజియం ప్రారంభమైన సంగతి విదితమే. అందులో చైనా, జపాన్ వస్తువులకు ప్రత్యేక స్థానం ఉంది. దాంతో ఈ నగరంలో పాత కూజా ఎక్కడ కనిపించినా దానికి ఒక దేవిడీ కథ అంటుకుంటుంది. కథకు రశీదు ఉండదు.

విదేశీ ధరల తీరు

2007లో అమెరికాలో ఒక కుటుంబం ఇంటి ముంగిట అమ్మకంలో 3 డాలర్లకు కొన్న తెల్ల గిన్నె, చైనా సుంగ్ వంశకాలపుదని తేలి 2013 మార్చిలో న్యూయార్క్‌లో 22 లక్షల డాలర్లకు పోయింది. 2014 ఏప్రిల్‌లో హాంకాంగ్‌లో కోడి బొమ్మలున్న మింగ్ కాలపు చిన్న కప్పు 28 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. ఇటువంటి వార్తలే అందరి నోటా నానుతాయి.

2010 నవంబర్‌లో లండన్ శివారున జరిగిన వేలం సంగతి వేరు. చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలపు కూజా 4.3 కోట్ల పౌండ్లకు కొట్టివేశారు. వేలందారు రుసుము 20 శాతం, అంటే మరో 86 లక్షల పౌండ్లు కలిసి మొత్తం 5.16 కోట్లయింది. పాడినవారు సొమ్ము చెల్లించలేదు. రెండేళ్లు దాటాక, 2013లో, ఆ కూజా దాదాపు సగం ధరకు వేరొకరి చేతికి పోయినట్లు వార్తలు వచ్చాయి. పత్రికల్లో పడిన ధర, అమ్మినవారి చేతికి వచ్చిన సొమ్ము ఒకటి కావని దీనివల్ల తెలుస్తున్నది.

చట్టం గీసిన గీత

హైదరాబాదు వర్తకుడికి అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉన్న 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు నిండిన కళాఖండాలను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయరాదు. చేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు ఖైదు, జరిమానా. వస్తువు చైనాలో తయారైంది కదా అన్న మినహాయింపు ఆ చట్టం నిర్వచనంలో లేదు. దేశంలో వీటి వ్యాపారం చేయాలన్నా లైసెన్సు కావాలి.

అంటే లెక్క తేలికే. వందేళ్లు దాటిన కూజా దేశం దాటదు. వందేళ్లు దాటని కూజాకు సాధారణంగా హాంకాంగ్ ధర రాదు. ఎటు చూసినా ఆ ధర ఇక్కడి పాటదారుడికి అందదు. అతడు చూసుకోవలసింది రేపు ఇదే నగరంలోనో, బొంబాయి, ఢిల్లీలలోనో కొనేవాడు ఎంత ఇస్తాడన్నది మాత్రమే. జపాన్ దంతపు బొమ్మల విషయం మరీ ప్రమాదకరం. 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని కూడా నిషేధించారు. బొమ్మ ఎంత పాతదైనా దంతపు సరకు అమ్మకం నేరమే.

అడుగున ముద్ర

కూజా అడుగున చక్రవర్తి పేరు ఉన్నదని పాట పెంచేవారు ఎక్కువ. 1662 నుంచి 1722 వరకు ఏలిన కాంగ్‌షీ పేరును 19వ శతాబ్దపు పనివారు తమ సరకుపై ధారాళంగా వేశారు. మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా ముద్ర జపాన్ పింగాణీ మీద కూడా కనిపిస్తుంది. ఇంగ్లీషు ముద్ర ఉంటే కొంత నయం. అమెరికా 1891 నుంచి దిగుమతి సరకుపై దేశం పేరు ఉండాలన్నది. అందుకే 'నిప్పాన్' అని, 1921 తర్వాత 'జపాన్' అని వేశారు. కనుక 'జపాన్' అని ఇంగ్లీషులో ఉన్న గిన్నెను మూడు వందల ఏళ్ల నాటిదని చెబితే నమ్మనవసరం లేదు.

చీటీ మీద రాయాలి

గుంటూరు యార్డులో టిక్కీ విప్పి రంగు, తేమ చూసిన తర్వాతే మిరపకు ధర చెబుతారు. కల్తీ ఏదో, మంచి ఏదో తెలియని బజారులో మంచి సరకుకూ కల్తీ ధరే వస్తుంది. పింగాణీకి ఇక్కడ జరుగుతున్నది అదే. నిజమైన పాత కూజా అమ్ముకోవలసి వచ్చిన కుటుంబం కూడా అనుమానపు ధరకే ఇచ్చుకుంటున్నది. నష్టం కొనేవాడిది మాత్రమే కాదు.

మార్గం లేకపోలేదు. 1930 సరకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరకు ఆ వర్ణనకు సరిపోవాలి. 64వ సెక్షన్ ప్రకారం సుత్తి పడేవరకు పాటదారు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. అమ్మకందారు ముందుగా ప్రకటించకుండా తన మనుషులతో పాడించటం చట్టవిరుద్ధం. ఈ రక్షణలు ఉన్నా, చీటీ మీద 'పింగాణీ కూజా ఒకటి' అని మాత్రమే ఉంటే ఏ వర్ణననూ పట్టుకొని అడగటానికి వీలుండదు. వేలందారులు దేశం, శతాబ్దం, పగుళ్లు, అతుకులు చీటీ మీద రాసి సంతకం చేయాలి. తెలియకపోతే తెలియదనే రాయాలి. రాసి ఇస్తే పాత సరకు ధర పాడవచ్చు. నోటిమాటగా చెప్పి రాయనంటే, దానిని పూలకుండీ కిందనే లెక్కకట్టి పాడటం మంచిది.

ఓడ పగిలితే అందులోని సరకును పాలకులు స్వాధీనం చేసుకునే ఆచారాన్ని కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి అభయ శాసనంతో మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని మాట ఇచ్చాడు. అదీ నోటిమాట కాదు, రాతి మీద చెక్కించిన మాట. అదే మోటుపల్లి తవ్వకాలలో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. నాంపల్లి వేలందారులు రాయి చెక్కించనక్కరలేదు, చీటీ రాస్తే చాలు.